ఎనిమిది పుట్ల బ్యాటరీ

ఎక్కడికి పోయినా నన్ను ఇదే అడుగుతారు. పెళ్లిలో పక్క కుర్చీవాడు, బస్సులో పక్క సీటువాడు, చివరికి నా కన్ను చూడాల్సిన దవాఖాన డాక్టరు కూడా. జేబులోంచి ఫోను తీసి, "బ్యాటరీ తొందరగా దిగిపోతున్నది, మార్చమంటారా, ఇంకొన్నాళ్లు ఆగమంటారా?" అంటారు. దేవరకొండ బస్టాండు పక్క షాపులో ఏళ్ల తరబడి ఫోన్లు విప్పి బిగించినవాణ్ణి. కళ్లు, వేళ్లు మొరాయించాక ఇంట్లో కూర్చున్నాను. ఒకప్పుడైతే ఈ ప్రశ్నకు తుమ్మినంత సేపట్లో జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఎదురు ప్రశ్న వేస్తున్నాను. ఆ ప్రశ్న నాకు ఎవరు నేర్పారో ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పాలి. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. టచ్ ఫోన్లు అప్పటికే వచ్చినా ఊళ్లలో బటన్ల ఫోన్లే ఎక్కువ. వెనుక డొప్ప గోటితో తీస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. మాకు ఒక పరీక్ష ఉండేది. బ్యాటరీని కౌంటరు అద్దం మీద పడుకోబెట్టి వేలితో ఒక్క తిప్పు తిప్పాలి. కదలకుండా ఆగితే మంచిది. బొంగరంలా గిర్రున తిరిగితే పొట్ట ఉబ్బినట్టు, ఇక దాని పని అయిపోయినట్టే. పాతవాటి డబ్బాలో పడేసి కొత్తది వేసేవాళ్లం. గిరాకీ కళ్ల ముందే తిరిగేది కాబట్టి ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదు. ఈ తిప్పడంలో నాకు పేరుండేది. తిరిగే తీరు చూసి అది ఎన్ని నెలల కింద ఉబ్బిందో చెబుతానని కోతలు కూడా కోసేవాణ్ణి.

షాపులో నాతోపాటు ఇంకో మెకానిక్ ఉండేవాడు. నాకంటే పెద్ద, ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనకు తిప్పుడు పరీక్ష మీద నమ్మకం లేదు. ఏ బ్యాటరీ వచ్చినా రెండు తీగలతో చిన్న బల్బు తగిలించి, గోడ గడియారం చూస్తూ అది ఎంతసేపు వెలుగుతుందో లెక్కపెట్టేవాడు. ఆయన ఒక్క బ్యాటరీ చూసేలోపు నేను పది మందిని పంపించేవాణ్ణి. "అన్నా, నువ్వు బల్బు చూస్తుంటే గిరాకీ ముసలోడైపోతాడు" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒక వేసవిలో, అంగడి రోజున, షాపు కిటకిటలాడుతుండగా ఒక ఆడమనిషి వచ్చింది. యాభై దాటి ఉంటుంది. ఎండకు ముఖం రాగి రంగుకు తిరిగింది, చేతివేళ్ల నిండా వలతాడు కోసిన గీతలు. కొంగు ముడి విప్పి ఫోను తీసి అద్దం మీద పెట్టింది.

"తమ్మీ, ఏడో బటన్ పడుత లేదు. జర చూడు."

బటన్ల కింద చేపపొలుసు ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి శుభ్రం చేసి బిగించాను. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. డొప్ప తెరిచే ఉంది కదా, బ్యాటరీ మీద పడింది నా చూపు. పాతది, అంచులు అరిగి, పైన అతుకుల మీద అతుకులుగా టేపు చుట్టి ఉంది. అద్దం మీద పెట్టి తిప్పాను. గిర్రున తిరిగింది.

"అయిపోయిందక్కా ఇది. కొత్తది వేస్త."

"బ్యాటరీ మంచిగనే ఉన్నది. నేను బటన్ కోసమొచ్చిన."

"ఎన్నేండ్లాయె ఇది కొని?"

"ఆరేండ్లైతాంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. రెండేళ్లు దాటితే మార్చాలని అప్పట్లో నా శాసనం. ఎండలు మండే మా జిల్లాలో ఆ రెండేళ్లూ నిలిచేది తక్కువే. ఆమె మాత్రం ఫోను మీద చెయ్యి తీయలేదు. "ఎనిమిది మంది పానం దీని మీదున్నది తమ్మీ, పైలం" అన్నది. ఫోను చెడిపోయిన ప్రతివాడూ ప్రాణం పోయినట్టే మాట్లాడతాడు, అందులో వింతేముంది అనుకున్నాను. ఆమె వెనుక ఇంకా పదిమంది ఉన్నారు. అప్పుడే వచ్చిన కొత్త సరుకులోంచి ఒక బ్యాటరీ వేసి, పెద్ద మేలు చేసినవాడిలా ఫోను చేతిలో పెట్టాను. పాతది డబ్బాలో పడింది. ఆమె ఆ డబ్బా వైపు ఒకసారి చూసి, ఏదో అనబోయి, బస్సు హారన్ వినపడి వెళ్లిపోయింది.

తర్వాత నాలుగైదు రోజులకు, పాత బ్యాటరీలు తుక్కువాడికి ఇవ్వబోతూ అన్న తన అలవాటు ప్రకారం ఒక్కోదానికి బల్బు పెట్టడం మొదలుపెట్టాడు. పొద్దున పెట్టిన బల్బు ఒకటి మేము భోజనం చేసి వచ్చాక కూడా వెలుగుతూనే ఉంది. టేపు చుట్టిన ఆ ముసలి బ్యాటరీయే అది. అన్న దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, టేపు ఒక పక్క లేపాడు. లోపల మడత పెట్టిన కాగితం, తుమ్మబంకతో అతికించి ఉంది. కాగితం ఊడదీసి బ్యాటరీని అద్దం మీద పెట్టి నా వైపు జరిపాడు. తిప్పాను. కదల్లేదు. ఇంకోసారి తిప్పాను, అది పలకలా అద్దానికి అంటుకునే ఉంది. ఉబ్బింది కాగితం, బ్యాటరీ కాదు.

ఆ కాగితం విప్పితే అందులో అక్షరం ముక్క లేదు. ఎనిమిది బొమ్మలు ఉన్నాయి. విరిగిన తెడ్డు ఒకటి, మూడు చుక్కలు, మేక కొమ్ములు, టోపీ. ఒక్కో బొమ్మ పక్కన గీతలు, రెండు నుంచి తొమ్మిది దాకా.

"బ్యాటరీని అడిగినవు," అన్నాడు అన్న, "మనిషిని అడిగినవా?"

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినప్పుడు మొదట వచ్చేది అదే. "కొత్తదే వేసిన గద, ఆమెకు నష్టమేముంది?" అన్నాను. అన్న అదే సరుకులోంచి ఇంకో కొత్త బ్యాటరీ తెచ్చి బల్బు పెట్టాడు. ముందు ఎంత జిగేలుమన్నదో! ముప్పావు గంటకు, ముందస్తుగా మసకబారడం కూడా లేకుండా, టక్కున ఆరిపోయింది. దానికి తగిలించిన మీటరు మాత్రం అంతకుముందు నిమిషం దాకా నిండుగానే చూపించింది. బయట మంచి లేబులు, లోపల నాసి సరుకు. ఆ పూట మిగిలిన సరుకంతా వెనక్కి పంపించాం.

రిపేర్లు రాసుకునే టోకెన్ల పుస్తకంలో ఆమె నంబరు వెతికి రాత్రి చేశాను. స్విచాఫ్. మర్నాడు పొద్దునే చేశాను, స్విచాఫ్. ఎనిమిది మంది ప్రాణం అన్న మాట అప్పుడు నా చెవిలో సరిగ్గా వినపడింది. పాత బ్యాటరీకి చార్జింగు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, కాగితం ఇంకో జేబులో పెట్టుకుని, పుస్తకంలో రాసి ఉన్న ఊరికి బయలుదేరాను. దేవరకొండ నుంచి బస్సు, బస్సు దిగి షేర్ ఆటో, ఆటో ఆగిన చోటు నుంచి నడక. నందికొండ డ్యాం కట్ట వెనుక కృష్ణ నీళ్లు గుట్టల సందుల్లోకి చొచ్చుకుని వచ్చే చోటు అది. పది పదిహేను గుడిసెలు, ఆరేసిన చేపలు. అడిగితే ఒక ముసలమ్మ గుట్ట మీదికి చెయ్యి చూపింది. "ఆడ కూసుంటది, గాలి చూసుకుంట."

గుట్ట ఎక్కేసరికి నా నాలుక పిడచకట్టింది. పైన ఒక బండ నీడలో ఆమె వల అల్లుతూ కూర్చుని ఉంది. పక్కన మూత పెట్టిన చిన్న మట్టికుండ. కింద ఎంత దూరం చూసినా నీళ్లే, అవతలి ఒడ్డున నల్లమల గుట్టలు. నీళ్ల మీద అక్కడక్కడ నల్లటి చుక్కలు, చేపలు పట్టే పుట్లు, గుండ్రటి బుట్ట పడవలు. ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "బటన్ మంచిగనే పడుతాంది తమ్మీ" అన్నది.

జేబులోంచి బ్యాటరీ తీసి ఇచ్చాను. ఆమె ముందు కాగితం అడిగింది. అదీ ఇచ్చాక మెత్తబడింది. ఎందుకు స్విచాఫ్ చేస్తావని అడిగితే మెల్లగా చెప్పుకొచ్చింది. గుట్టల సందులో ఉన్నవాళ్లకు గాలి మీదికి వచ్చేదాకా కనపడదు. ఈ బండ మీది నుంచి ముందే కనపడుతుంది. రెండో బటన్ నుంచి తొమ్మిదో బటన్ దాకా ఎనిమిది పుట్లు, ఎనిమిది ఫోన్లు, వాటి నంబర్లు ఆమె కోడలు ఎక్కించింది. బటన్ ఒత్తి పట్టుకుంటే చాలు. పొద్దున అందరికీ ఒక్కో రింగు, నేను వచ్చి కూర్చున్నానని. మాపటికి ఒక్కో రింగు, లేచి పోతున్నానని. రెండు రింగులు వస్తే గాలి అని అర్థం, వల వదిలేసి ఒడ్డుకు రావాలి. ఎవరూ ఎత్తరు, ఎవరూ మాట్లాడరు. ఎండ నెత్తికెక్కాకే గాలి వస్తుంది కాబట్టి పొద్దటి రింగులయ్యాక అప్పటిదాకా ఫోను బంద్, రాత్రీ బంద్. ఆమెకు ఒంట్లో బాగులేని రోజు ఇంకెవరైనా కూర్చుంటే, ఏ బొమ్మ మనిషికి ఏ బటనో చూసుకోవడానికి వాళ్లకు ఆ కాగితం.

"ఆరేండ్లు ఎట్లా ఆగిందక్కా ఇది?" అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే వచ్చానేమో అనిపించింది.

"ఏముంది తమ్మీ. ఊళ్లె ఒక్కటే సోలార్ పలక. తొమ్మిది ఫోన్లకు వంతులు. నా వంతుల మూడు గీతలదాక ఎక్కుతది, నాలుగోది ఎన్నడు ఎక్కలె. ఇంటికి తెచ్చి ఉల్లిగడ్డల కుండల పెడ్త, ఈడ గీ కుండల పెడ్త. ఎండల పెడితె చేపే ఆగదు, గిదేమాగుతది?"

నేను నోరు తెరిచి విన్నాను. బ్యాటరీని వేడి తినేస్తుందని, నిండా నింపి ఉంచినా పూర్తిగా ఎండగట్టినా దాని ఆయుష్షు తరుగుతుందని నేను శిక్షణ తరగతిలో విన్నాను, పరీక్షలో రాశాను, ఒక్కరోజూ పాటించలేదు. నా సొంత ఫోను రాత్రంతా చార్జింగులో, పగలంతా బండి పెట్టెలో మాడుతూ ఉండేది. ఈమె ఏ తరగతికీ పోకుండా, చేపను చూసుకున్నట్టు చూసుకుంటూ, ఆరేళ్లు కాపాడింది. అట్లాంటి దాన్ని నేను వేలితో ఒక్క తిప్పు తిప్పి పారేశాను.

"ఎవరు పెట్టిండ్రక్కా నిన్ను ఈ పనికి?"

"ఎవరు పెడ్తరు. మా తమ్ముడు గాలికి నీళ్లల్ల పోయినంక నేనే కూసున్న."

కొత్త బ్యాటరీ తీసేసి పాతది వేస్తానన్నాను. ఫోను ఆన్ చేసి చూపించింది, నాలుగు గీతలు నిండుగా ఉన్నాయి. "నువ్వే పాతది పనికిరాదంటివి, నువ్వే కొత్తది పనికిరాదంటున్నవు. ఏ మాట పట్టుకోవాలె నీది?" అన్నది. బల్బు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆమె నా మాట వినడం మానేసింది. చూపు అవతలి ఒడ్డు మీద నిలిచింది. నేనూ చూశాను. ఎండ, నీళ్లు, గుట్టలు, అంతే. చెట్టు ఆకు కూడా కదలడం లేదు.

"నీటికాకులు లేచినయి," అన్నది.

వల ఒళ్లోంచి జారిపోయింది. బొటనవేలు రెండో బటన్ మీద పడింది. రెండు రింగులు, కట్. మూడో బటన్. కట్. నాలుగు. కట్. ఐదో బటన్ ఒత్తగానే తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేసింది, బొమ్మ వచ్చి ఆరిపోయింది. ఇంకోసారి. ఆరిపోయింది. అంతకుముందు నిమిషం దాకా నాలుగు గీతలు చూపించిన ఫోను అది. ఆమె అరవలేదు, నన్ను తిట్టలేదు. ఫోను నా చేతిలో పెట్టింది.

నా బతుకులో ఎన్ని వేల డొప్పలు తీశానో లెక్క లేదు. ఆ రోజు గోరు జారింది. మళ్లీ జారింది. పళ్లతో తీశాను. ముసలి బ్యాటరీ వేసి బటన్ ఒత్తాను. ఫోను తెరుచుకోవడానికి పట్టేది అర నిమిషం కూడా కాదు, కానీ ఆ అర నిమిషంలో అవతలి గుట్టల మొదట్లో నీళ్ల రంగు మారడం నేను కూడా చూశాను. ఒక నల్లటి గీత నీళ్ల మీద ఇటు నడిచి వస్తున్నది. దాని వెనుక ఎర్రటి దుమ్ము.

ఐదు. ఆరు. ఏడు, నేను బాగుచేసిన ఏడు, పడింది. ఎనిమిది. తొమ్మిది. ఒక్కోదానికి రెండేసి రింగులు. ఆమె వేలు ఎక్కడా తడబడలేదు. కింద చుక్కలు ఒక్కొక్కటే ఒడ్డు వైపు తిరగడం కనపడింది. ఒక ముసలి బ్యాటరీ, ఒక బొటనవేలు కలిసి అంత పెద్ద నీళ్ల మీద మనుషులను లాక్కొస్తున్నాయి.

అంతలోనే గాలి మా మీదికి వచ్చింది. దుమ్ముకు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్లు కనపడలేదు, కట్ట తెగినట్టు మోత మాత్రం వినపడింది. ఇద్దరం గుట్ట దిగి ఒడ్డుకు పరుగెత్తాం. పుట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆమె వాటిని లెక్కపెట్టలేదు, మొహాలు చూసింది. ఏడు మొహాలు. ఎనిమిదోది రాలేదు.

"ఎవరిదక్కా?"

"తొమ్మిదో బటన్. మా ఇంటాయన."

నా కొత్త సరుకు మింగేసిన నిమిషాలు ఎవరి లెక్కలోంచి పోయాయో అప్పుడు తెలిసింది. నోటికి వచ్చింది అడిగేశాను. సొంత మనిషిని చివర ఎందుకు పెట్టావు అని.

ఆమె నీళ్ల మీది నుంచి కన్ను తిప్పకుండానే చెప్పింది. "ఆయనది ముందుగాల ఒత్తితె ఇగ నాకు ఫికరుండదు తమ్మీ. ఫికరు లేని చెయ్యి నిదానమైతది. చివర్న పెట్టుకుంటె ఏడుగురికి జల్ది జల్ది ఒత్తుత."

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లతో మాట్లాడాను, ఎన్నో తెలివైన మాటలు విన్నాను. తన మనసు ఎక్కడ మందగిస్తుందో ముందే కనిపెట్టి, దాన్ని కూడా పనికి కట్టేసిన మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గాలి తగ్గాక చాలాసేపటికి, ఒడ్డు వెంబడి దూరంగా ఒక మనిషి నడుచుకుంటూ రావడం కనపడింది. తడిసి ముద్దై, చేతిలో తెడ్డు ఒక్కటే ఉంది. పుట్టి నీళ్లు నిండి బండలకు కొట్టుకుని పగిలింది, వల పోయింది. ఇంకో నాలుగు నిమిషాలు ముందు రింగు వచ్చి ఉంటే రెండూ మిగిలేవని ఆయనే అన్నాడు, ఎవరినీ నిందించకుండా. అది నా వల్లే అయిందని మనసులో ఒప్పుకున్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, "నువ్వేనా పాతది తెచ్చింది?" అన్నాడు. తలూపాను, తీసేసింది కూడా నేనేనని మాత్రం చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. కొత్త బ్యాటరీ మాత్రం నా చేతిలో పెట్టి, "గిది నువ్వే ఉంచుకో" అన్నది. ఉంచుకున్నాను. నేను పని మానేసేదాకా అది నా కౌంటరు అద్దం కింద, నాకు కనపడేలా ఉండేది.

ఆ తర్వాత నేను బ్యాటరీలు తిప్పడం మానేశానని చెబితే అబద్ధం. తిప్పేవాణ్ణి, ఉబ్బింది ఉబ్బిందే, దాన్ని ఒక్కరోజు కూడా దగ్గర ఉంచుకోకూడదు. కానీ తిప్పే ముందు మనిషిని అడిగేవాణ్ణి. పొద్దున లేచాక ఈ ఫోనుతో నువ్వు చేయాల్సిన చివరి పని ఏమిటి, అప్పటిదాకా వస్తున్నదా? ఆటోవాడు ఒకటి చెప్పేవాడు, దవాఖాన నర్సు ఇంకొకటి చెప్పేది. ఒకే రకం ఫోను, ఒకే వయసు బ్యాటరీ, ఒకరికి మార్చేవాణ్ణి, ఒకరిని వెనక్కి పంపేవాణ్ణి. అన్న పక్క నుంచి చూసి, "గిరాకీ ముసలోడైతడు గదరా" అని నా మాట నాకే అప్పగించేవాడు.

మూడేళ్లు గడిచాయి. ఒకరోజు ఆమె షాపుకు వచ్చింది. అదే ఫోను, అదే బ్యాటరీ.

"ఇగ మార్చు తమ్మీ."

అన్న బల్బు పెట్టాడు. చాలాసేపే వెలిగింది. ఇంకో ఏడాది వస్తుందని మా ఇద్దరికీ అనిపించింది. అదే చెప్పాను.

"నిన్న మాపటికి ఏడు పుట్లకే వచ్చింది. తొమ్మిది ఒత్తితె దీపమారింది," అన్నది.

"గాలి వచ్చిందా నిన్న?"

"గాలి రాలె. గాలొచ్చినంక ఎరుకైతె ఏం ఫాయిదా?"

బ్యాటరీ ఎప్పుడు మార్చాలనే దానికి ఇంతకంటే మంచి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అన్న తన పెట్టెలోంచి, నాలుగు రోజులు బల్బు పెట్టి చూసి దాచిన అసలు సరుకు తీసి ఇచ్చాడు. నేను ఆ బొమ్మల కాగితాన్ని ఈసారి మడత లేకుండా, డొప్ప లోపలి వైపు అతికించాను. ఫోను ఆన్ చేసి ఇచ్చి, ఒకసారి చూసుకోమన్నాను.

ఆమె తొమ్మిదో బటన్ ఒత్తి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక రింగు పోయింది. కట్ చేస్తుందనుకున్నాను, చేయలేదు. రెండోది కూడా పోనిచ్చి అప్పుడు కట్ చేసింది.

"అక్కా, రెండు పోయినయి. గాలనుకుని వల ఇడిచిపెట్టి ఒడ్డుకొస్తడు."

ఫోను కొంగున ముడి వేసుకుంటూ ఆమె నవ్వింది. అన్నేళ్లలో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"రానీ తమ్మీ. ఎన్నడు అందరికంటె ఎనకొచ్చెటోడు, ఇయ్యాల ఒక్కనాడు ముందుగాల రానీ."